కొద్దిపాటి పొగే కదా అనుకుంటే

సిగరెట్టు కాల్చేవారిలో చాలామంది తమను తాము పొగతాగేవారి లెక్కలో వేసుకోరు. రోజుకు ఒకటో రెండో, అదీ పని ఒత్తిడి ఎక్కువైనప్పుడో, స్నేహితులు కలిసినప్పుడో. పెట్టెలకు పెట్టెలు ఖాళీ చేసేవారితో పోల్చుకుని తమకు పెద్దగా ప్రమాదం ఉండదని నిబ్బరంగా ఉంటారు. ఇంట్లోవారి విషయంలోనూ ఇదే ధీమా. కిటికీ దగ్గర నిలబడి కాలిస్తే, ఫ్యాను వేస్తే, పిల్లలు పక్క గదిలో ఉంటే వాళ్లకు చేరేది ఎంతని? ఈ ధీమా అంతా ఒక్క నమ్మకం మీద నిలబడి ఉంది. పొగ సగమైతే హాని సగమవుతుందని, పదో వంతైతే పదో వంతవుతుందని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. గుండె, రక్తనాళాలు మాత్రం ఈ లెక్కను ఒప్పుకోవు.

2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక విశ్లేషణ వెలువడింది. 141 అధ్యయనాల ఫలితాలను కలిపి చూసిన పరిశోధకులు, రోజుకు ఒక్క సిగరెట్టు కాల్చేవారి పరిస్థితిని ప్రత్యేకంగా లెక్కగట్టారు. అసలు పొగతాగనివారితో పోలిస్తే గుండె ధమనుల జబ్బు ముప్పు అటువంటి పురుషుల్లో 48 శాతం, స్త్రీలలో 57 శాతం ఎక్కువని తేలింది. రోజుకు 20 కాల్చే పురుషుడికి అదనంగా ఎంత ముప్పు ఉంటుందో, ఒక్కటి కాల్చే పురుషుడికి అందులో దాదాపు సగం ఉంది. స్త్రీలలో అది మూడో వంతుకు దగ్గరగా ఉంది. ఇరవయ్యో వంతు ఉంటుందనుకున్న చోట సగం! ముప్పు పెరిగే మెట్ల వరుసలో మొదటి మెట్టే అన్నిటికన్నా ఎత్తైనదన్నమాట. రోజుకు 20 నుంచి ఐదుకు తగ్గించామని సంతోషించేవారు ఆ మొదటి మెట్టు మీదే ఉన్నారు. తగ్గించడం మానేసే దారిలో ఒక మజిలీ అయితే మంచిదే. అక్కడే ఆగిపోతే గుండెకు దక్కే రక్షణ చాలా తక్కువ.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే రక్తనాళం లోపలికి చూడాలి. నాళం గోడకు లోపలివైపు పలుచటి పొర ఒకటి ఉంటుంది. దాని మందం ఒక్క కణం మాత్రమే. రక్తం సాఫీగా పారడానికి, శరీరం శ్రమపడినప్పుడు నాళం వెడల్పు కావడానికి ఆ పొర నుంచి వెలువడే నైట్రిక్ ఆక్సైడ్ అవసరం. పొగలోని అతి సన్నని నుసి, రసాయనాలు ఊపిరితిత్తులను దాటి రక్తంలో చేరగానే ఈ పొర పనితీరు మందగిస్తుంది. సాగాల్సిన సమయంలో నాళం సాగదు. అదే సమయంలో రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకునే స్వభావాన్ని తెచ్చుకుంటాయి. అంటే రక్తం గడ్డకట్టడానికి సిద్ధంగా ఉంటుంది. ఈ మార్పులు కొద్ది మోతాదుకే చాలావరకు జరిగిపోతాయి. ఆ తర్వాత ఎంత పొగ లోపలికి వెళ్లినా పెరుగుదల నెమ్మదిగానే ఉంటుంది.

జపాన్‌లోని ఒసాకాలో జరిగిన ఒక ప్రయోగం దీన్ని కళ్లకు కట్టినట్టు చూపింది. దాని ఫలితాలు 2001లో ప్రచురితమయ్యాయి. ఆరోగ్యంగా ఉన్న, పొగతాగే అలవాటు లేని యువతను ఒక ఆస్పత్రిలో పొగతాగడానికి కేటాయించిన గదిలో 30 నిమిషాలు కూర్చోబెట్టారు. వాళ్లేమీ కాల్చలేదు. గదిలో ఉన్న గాలినే పీల్చారు. అవసరం పడినప్పుడు గుండె ధమనుల్లో రక్తప్రవాహం ఎంతవరకు పెరగగలదో ముందూ తర్వాతా అల్ట్రాసౌండ్ పరికరంతో కొలిచారు. లోపలికి వెళ్లే ముందు వారికీ, పొగతాగే అలవాటున్నవారికీ మధ్య స్పష్టమైన తేడా ఉంది. అరగంట తర్వాత కొలిస్తే ఆ తేడా లేదు. అప్పటివరకు చక్కగా ఉన్న ధమనులు పొగతాగేవారి ధమనుల్లాగే స్పందించాయి.

ఆరోగ్యవంతుడి శరీరంలో ఈ మార్పు కొంతసేపటికి సర్దుకుంటుంది. అప్పటికే ధమనుల్లో కొవ్వు పేరుకుపోయి, ఆ సంగతి తనకే తెలియని మధ్యవయస్కుడి పరిస్థితి వేరు. సన్నబడిన నాళం, అంటుకునే ప్లేట్‌లెట్లు, దానికి తోడు ఆక్సిజన్ కొరత. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. గుండెకు రక్తం తగ్గినప్పుడే ఆ రక్తం మోసుకొచ్చే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. ఇవన్నీ ఒక్కసారి కలిసిన రోజున గుండెపోటు వస్తుంది. ఆ పొగ ఎవరి చేతిలోని సిగరెట్టుదన్న తేడా ధమనికి లేదు.

పక్కవారి పొగ గురించి జనంలో పాతుకుపోయిన మరో పొరపాటు ఉంది. తాగేవాడు పీల్చి వదిలిన పొగలో మిగిలిన కొద్దిపాటి అంశమే ఇతరులకు చేరుతుందని, విషం చాలావరకు అతని ఊపిరితిత్తుల్లోనే ఆగిపోతుందని అనుకుంటారు. నిజానికి గదిలో నిండే పొగలో నోటి నుంచి వచ్చేది కొద్ది భాగమే. సుమారు 85 శాతం సిగరెట్టు కొస నుంచి నేరుగా గాలిలో కలిసేది. దమ్ముకూ దమ్ముకూ మధ్య సిగరెట్టు ఊరికే రాజుకుంటున్నప్పుడు వెలువడేది ఇదే. దమ్ము లాగేటప్పుడు గాలి బలంగా తగిలి కొస దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. ఊరికే ఉన్నప్పుడు వేడి అంతకన్నా బాగా తక్కువ, అందే ఆక్సిజన్ కూడా తక్కువే. అందువల్ల పొగాకు సరిగా కాలదు. సరిగా కాలని పదార్థం నుంచి వచ్చే పొగలో విషాలు మరింత చిక్కగా ఉంటాయి. పైగా అది ఏ ఫిల్టరు గుండా రాదు. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి, వాటిలో దాదాపు 70 క్యాన్సర్ కారకాలు. బెంజీన్, ఫార్మాల్డిహైడ్, ఆర్సెనిక్, కాడ్మియం, రేడియోధార్మికత ఉన్న పొలోనియం–210 ఆ జాబితాలోనివే. పక్కనున్నవారు పీల్చేదీ ఈ మిశ్రమాన్నే.

పరోక్ష ధూమపానం అనగానే అందరికీ ముందుగా ఊపిరితిత్తుల క్యాన్సర్ గుర్తొస్తుంది. మరణాల లెక్క చూస్తే బొమ్మ మారిపోతుంది. 2004 సంవత్సరానికి సంబంధించిన ప్రపంచవ్యాప్త గణాంకాలను 2011లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఆ ఏడాది పరోక్ష ధూమపానం వల్ల 6,03,000 మంది చనిపోయారని అంచనా. అందులో 3,79,000 మరణాలకు కారణం గుండె జబ్బు. పిల్లల్లోనూ పెద్దల్లోనూ న్యుమోనియా వంటి శ్వాసకోశ వ్యాధుల వల్ల 1,65,000 మంది, ఆస్తమా వల్ల 36,900 మంది పోయారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వాటా 21,400. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాజా అంచనాల్లో పొగాకు ఏటా 70 లక్షలకు పైగా ప్రాణాలు తీస్తోంది. వారిలో సుమారు 16 లక్షల మంది తాము పొగతాగనివారు, ఇతరుల పొగ పీల్చినవారు. పొగతాగని వ్యక్తికి ఇంట్లోనో పనిచేసే చోటో ఈ పొగ తగులుతుంటే గుండె జబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం పెరుగుతుంది. పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 20 నుంచి 30 శాతం పెరుగుతుంది. శాతాలు చిన్నవిగా కనిపించవచ్చు. అయితే గుండె జబ్బు ఎంత ఎక్కువమందికి వచ్చే వ్యాధో తలచుకుంటే, ఆ పావువంతు పెరుగుదల లక్షల కుటుంబాలకు విస్తరిస్తుంది.

ఈ విషయం బయటపడిన తీరు తెలుసుకోదగినది. పొగతాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని 1950లోనే అమెరికాలో ఎర్నెస్ట్ వైండర్, ఎవార్ట్స్ గ్రాహమ్, బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ వేర్వేరుగా చూపించారు. పక్కవారి సంగతి మాత్రం మరో మూడు దశాబ్దాలు మరుగున ఉండిపోయింది. జపాన్‌కు చెందిన తకేషి హిరాయమా 91,540 మంది స్త్రీలను 14 ఏళ్లపాటు గమనించాడు. వారంతా 40 ఏళ్లు దాటినవారు, పొగతాగే అలవాటు లేని వివాహితలు. వారిని వేరుచేసే అంశంగా ఆయన చూసింది ఒక్కటే, భర్త రోజుకు ఎన్ని సిగరెట్లు కాలుస్తాడన్నది. 1981 జనవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన ఫలితాలు ప్రకటించాడు. భర్త ఎంత ఎక్కువ కాలిస్తే భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అంత పెరిగింది. రోజుకు 20, అంతకు మించి కాల్చేవారి భార్యల్లో అది దాదాపు రెట్టింపు. అదే ఏడాది గ్రీసులో దిమిత్రియోస్ ట్రికోపౌలోస్ బృందం కూడా ఇదే దిశలో ఫలితాలు వెల్లడించింది. రెండు దూరదేశాలు, రెండు వేర్వేరు పద్ధతులు, ఒకటే జవాబు.

పొగాకు పరిశ్రమ దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. పొగతాగేవాడు తన ఇష్టంతో తాగుతున్నాడని వాదించవచ్చు. భార్య ఇష్టంతో పీల్చిందని వాదించడం కుదరదు. హిరాయమా లెక్కల్లో తప్పులున్నాయని చెప్పించడానికి గణాంక నిపుణులను ముందు నిలిపారు, పత్రికల్లో ప్రకటనలిచ్చారు. తర్వాతి కాలంలో కోర్టు కేసుల వల్ల ఆ కంపెనీల అంతర్గత పత్రాలు బయటికొచ్చాయి. హిరాయమా మంచి శాస్త్రవేత్త అని, ఆయన చెప్పింది సరైనదేనని పరిశ్రమతో కలిసి పనిచేసిన శాస్త్రవేత్తలే అన్నట్టు 1981 నాటి పత్రంలో నమోదై ఉంది. బయట ఖండిస్తున్న రోజుల్లోనే లోపల ఒప్పుకున్నారు.

అంతకన్నా కలవరపరిచే సంగతి మరొకటుంది. ఫిలిప్ మోరిస్ కంపెనీ 1971లో జర్మనీలోని కొలోన్‌లో ఇన్‌బిఫో అనే పరిశోధనశాలను కొనుగోలు చేసింది. సిగరెట్టు కొస నుంచి వెలువడే పొగ మీద 1980లలో అక్కడ జంతువులపై అనేక ప్రయోగాలు జరిగాయి. గ్రాముకు గ్రాము పోలిస్తే, తాగేవాడు పీల్చే పొగకన్నా కొస నుంచి వచ్చే తాజా పొగ దాదాపు నాలుగు రెట్లు విషపూరితమని ఆ ప్రయోగాలు చూపాయి. దాని నుంచి సేకరించిన పదార్థాన్ని చర్మానికి పూస్తే కణితులు రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువగా పుట్టాయి. ఆ ఫలితాలు అప్పట్లో ప్రజలకు చేరలేదు. కోర్టుల ద్వారా బయటపడిన పత్రాలను పరిశీలించిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు సుజానే షిక్, స్టాంటన్ గ్లాంట్జ్ 2005లో వాటిని ప్రచురించాకే లోకానికి తెలిసింది. మధ్యలో ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. ఆ ఇరవై ఏళ్లలో పొగ నిండిన కార్యాలయాల్లో, హోటళ్లలో, విమానాల్లో పనిచేసినవారికి ఆ సమాచారం అందనివ్వకపోవడం ఘోరమైన అన్యాయం. 2006లో అమెరికా ఫెడరల్ న్యాయమూర్తి గ్లాడిస్ కెస్లర్ తన సుదీర్ఘ తీర్పులో పొగాకు కంపెనీలు ధూమపానం హాని గురించి, పరోక్ష ధూమపానం గురించి దశాబ్దాలపాటు ప్రజలను మోసగించాయని నిర్ధారించారు.

పిల్లల దగ్గరికి వస్తే ఇష్టాయిష్టాల ప్రశ్నే తలెత్తదు. పొగ వస్తోందని లేచి వెళ్లిపోవడం పసిపాపకు చేతకాదు. పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటే, అప్పుడే పుట్టిన బిడ్డ 30 నుంచి 60 సార్లు తీసుకుంటుంది. శరీర బరువుతో పోలిస్తే అదే గదిలో బిడ్డ లోపలికి వెళ్లే పొగ ఎక్కువ. శ్వాసనాళాలు సన్నవి, ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతున్నవి, రోగనిరోధక శక్తి ఇంకా కుదురుకోనిది. అందుకే పొగతాగే ఇంట్లో పిల్లలకు బ్రాంకైటిస్, న్యుమోనియా తరచుగా వస్తాయి. చెవి మధ్యభాగంలో ద్రవం చేరి చీము పడుతుంది. అది పదే పదే జరిగితే వినికిడి తగ్గుతుంది, వినికిడి తగ్గితే మాటలు నేర్చుకోవడం ఆలస్యమవుతుంది. ఆస్తమా ఉన్న పిల్లల్లో ఆయాసం తీవ్రమై ఆస్పత్రి పాలయ్యే సందర్భాలు పెరుగుతాయి. ఏ జబ్బూ లేకుండా నిద్రలోనే శిశువు మరణించే ఆకస్మిక శిశు మరణానికి కూడా పొగ ఒక కారణమని రుజువైంది. అమెరికా సర్జన్ జనరల్ 2006 నివేదిక ఇవన్నీ వివరిస్తూ, ఇంత పొగ వరకు పరవాలేదు అనే హద్దు ఏదీ లేదని తేల్చి చెప్పింది.

గర్భంలోని శిశువుకు హాని ఇంకా ముందే మొదలవుతుంది. నికోటిన్ మాయ (ప్లాసెంటా)లోని రక్తనాళాలను బిగిస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ బిడ్డకు అందాల్సిన ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. పొగతాగే తల్లులకు పుట్టే పిల్లలు సగటున 200 గ్రాముల వరకు తక్కువ బరువుతో పుడతారు. నెలలు నిండకుండా కాన్పు కావడం, గర్భస్రావం, మాయ ముందుగానే విడిపోవడం వంటి ప్రమాదాలూ పెరుగుతాయి. భర్త పొగ పీల్చే గర్భిణి విషయంలో తీవ్రత తగ్గినా హాని దిశ అదే.

ఇక కిటికీ, ఫ్యాను సంగతి. సిగరెట్టు పొగ కణాలు ఒక మైక్రాన్ కన్నా చిన్నవి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంత చిన్న కణాలు నేలకు దిగవు, గంటల తరబడి గాలిలో తేలుతూ తలుపు సందుల గుండా ఇల్లంతా పాకుతాయి. ఫ్యాను వాటిని గదంతా సమంగా పంచుతుంది. ఎయిర్ కండిషనర్ ఉన్న గాలినే తిప్పితిప్పి అందరికీ అందిస్తుంది. గాలి శుద్ధి చేసే యంత్రాలు కొంత నుసిని పట్టుకున్నా వాయురూపంలో ఉన్న విషాలను పూర్తిగా తీసెయ్యలేవు. పొగాకు నియంత్రణపై అంతర్జాతీయ ఒప్పందం 2005లో అమలులోకి వచ్చింది. దాని ఎనిమిదో అధికరణకు 2007లో ఆమోదించిన మార్గదర్శకాలు గాలి ప్రసరణ ఏర్పాట్లూ, పొగతాగేవారికి వేరే గదులూ రక్షణ ఇవ్వవని, పూర్తి నిషేధమే మార్గమని స్పష్టం చేశాయి. కారు లోపలైతే పరిస్థితి మరీ అధ్వానం. అంత చిన్న చోటులో ఒక్క సిగరెట్టు చాలు, అద్దం దించినా గాలిలో నుసి ప్రమాదకర స్థాయికి చేరుతుంది. వెనక సీటులో పిల్లలుంటే ఆ ప్రయాణం సాగినంతసేపూ వాళ్లు దాన్నే పీలుస్తారు.

పొగ కంటికి కనిపించకుండా పోయాక కూడా కర్టెన్లు, పరుపులు, గోడలు, దుస్తుల మీద దాని పొర మిగులుతుంది. ఆ పొరలోని నికోటిన్ గాలిలో ఉండే నైట్రస్ ఆమ్లంతో కలిసి కొత్త క్యాన్సర్ కారకాలను తయారుచేస్తుందని 2010లో పరిశోధకులు చూపించారు. నేల మీద పాకుతూ, చేతికందినదల్లా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇది ఎక్కువగా తగులుతుంది.

హాని సంగతి ఇంత చెప్పాక, దాన్ని ఎంత త్వరగా తగ్గించవచ్చో చెప్పకపోతే విషయం సగమే చెప్పినట్టు. స్కాట్లాండ్ 2006 మార్చి 26 నుంచి మూసి ఉన్న బహిరంగ ప్రదేశాల్లో, పనిచేసే చోట్ల ధూమపానాన్ని నిషేధించింది. చట్టానికి ముందు పది నెలలు, తర్వాత అవే నెలలు తొమ్మిది ఆస్పత్రుల్లో గుండెపోటు తదితర అత్యవసర గుండె సమస్యలతో చేరినవారిని పరిశోధకులు లెక్కించారు. కేసులు 17 శాతం తగ్గాయి. అటువంటి చట్టం ఇంకా రాని ఇంగ్లండ్‌లో అదే సమయంలో తగ్గింది 4 శాతమే. తగ్గిన కేసుల్లో 67 శాతం పొగతాగనివారివి. ఎవరి అలవాటుతో తమకు సంబంధం లేదో, వారి పొగ నుంచి విముక్తి దొరికినవారు ఏడాది తిరక్కుండానే లాభపడ్డారు. కొద్ది పొగకే గుండె దెబ్బతింటుందన్న మాటకు ఇది రెండో వైపు. ఆ కొద్ది పొగను పూర్తిగా తీసేస్తే గుండె అంతే వేగంగా కోలుకుంటుంది. పొగతాగేవారి స్వేచ్ఛ పేరుతో ఇటువంటి చట్టాలను వ్యతిరేకించేవారు ఈ అంకెలకు జవాబు చెప్పాలి. హోటల్లో వడ్డించే కార్మికుడికి ఊపిరి పీల్చకుండా పనిచేసే స్వేచ్ఛ ఎవరూ ఇవ్వలేరు కదా.

పొగతాగే వ్యక్తి శరీరంలో జరిగేది వేరొక తీరు. గుండె కొద్ది మోతాదుకే లొంగితే, క్యాన్సర్ సంవత్సరాలను లెక్కపెట్టుకుంటుంది. రోజుకు ఎన్ని కాల్చారన్నదానికన్నా ఎన్నేళ్లు కాల్చారన్నది ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను బలంగా నిర్ణయిస్తుంది. పొగలోని బెంజోపైరీన్ శరీరంలో మార్పు చెంది డీఎన్ఏకు అతుక్కుంటుంది. కణితులు పెరగకుండా కాపలా కాసే పీ53 అనే జన్యువులో, ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో తరచుగా చెడిపోయి కనిపించే చోట్లనే అది అతుక్కుంటుందని 1996లో తేలింది. అప్పటివరకు గణాంకాల సంబంధంగా చెప్పుకున్నది కణం లోపల కంటికి కనిపించే సాక్ష్యమైంది. 2016లో సైన్స్ పత్రికలో వచ్చిన మరో పరిశోధన ఇంకా ముందుకు వెళ్లింది. రోజుకు ఒక పెట్టె చొప్పున ఏడాదిపాటు కాలిస్తే ఊపిరితిత్తుల్లోని ఒక్కో కణంలో సగటున 150 జన్యు మార్పులు పేరుకుంటాయని అంచనా వేసింది. స్వరపేటికలో 97, నోటిలో 23, మూత్రాశయంలో 18, కాలేయంలో 6. పొగ ఎన్నడూ తాకని మూత్రాశయంలో మార్పులేమిటని అనిపించవచ్చు. రక్తంలో చేరిన విషాలను మూత్రపిండాలు వడపోసి అక్కడికే పంపుతాయి, అవి గంటల తరబడి అక్కడ నిలుస్తాయి.

ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ రాకపోయినా పొగతాగేవారు తప్పించుకున్నట్టు కాదు. శ్వాసనాళాల గోడలకు సన్నని నూగు ఉంటుంది. లోపలికి వచ్చిన దుమ్మును, సూక్ష్మక్రిములను కఫంతో కలిపి పైకి నెట్టడం దాని పని. పొగ ఆ నూగును ముందు స్తంభింపజేస్తుంది, తర్వాత నాశనం చేస్తుంది. పొద్దున్నే వచ్చే దగ్గు దాని ఫలితమే. ఆ తర్వాత గాలిసంచుల గోడలు కరిగిపోవడం మొదలవుతుంది. సీఓపీడీ అని వైద్యులు పిలిచే ఈ జబ్బు ఏళ్ల తరబడి తెలియకుండా ముదురుతుంది. మెట్లెక్కితే ఆయాసం రావడాన్ని వయసు మీద నెట్టేస్తారు. గమనించేసరికి ఊపిరితిత్తుల శక్తి సగం పోయి ఉంటుంది. కరిగిపోయిన గాలిసంచులు తిరిగి మొలవవు. మానేస్తే మిగిలినది నిలుస్తుంది, క్షీణించే వేగం పొగతాగనివారి స్థాయికి దగ్గరవుతుంది. చివరి దశకు చేరినవారు చొక్కా తొడుక్కోవడానికి కూడా ఊపిరి చాలక మధ్యలో ఆగుతారు. అంత బాధ గురించి సిగరెట్టు పెట్టె మీది బొమ్మలు కూడా పూర్తిగా చెప్పలేవు. మిగిలిన జబ్బుల జాబితా చాలా పొడవు. రెండో రకం మధుమేహం, క్షయ, చిగుళ్ల వ్యాధి, కంటి రెటీనా మధ్యభాగం క్షీణించడం, కాళ్ల రక్తనాళాలు మూసుకుపోవడం, ఎముకలు ఆలస్యంగా అతుక్కోవడం, పురుషుల్లో లైంగిక బలహీనత, ఇవన్నీ పొగతో పెరిగేవే.

'లైట్' అని, 'మైల్డ్' అని అమ్మిన సిగరెట్లు ఈ ప్రమాదాలేవీ తగ్గించలేదు. వాటి ఫిల్టరు చుట్టూ సన్నని రంధ్రాలుంటాయి. పరీక్ష యంత్రం పొగ లాగినప్పుడు ఆ రంధ్రాల గుండా గాలి కలిసి తారు, నికోటిన్ అంకెలు తక్కువ చూపిస్తాయి. మనిషి కాల్చేటప్పుడు వేళ్లు, పెదవులు ఆ రంధ్రాలను మూసేస్తాయి. పైగా అలవాటైన నికోటిన్ అందే వరకు మెదడు ఊరుకోదు కనుక లోతుగా, ఎక్కువసార్లు లాగుతారు. తగ్గించుకున్నామన్న తృప్తి మిగిలింది, విషం తగ్గలేదు. మానేద్దామనుకున్న ఎంతోమందిని ఆ తృప్తే ఆపింది. బీడీ, చుట్ట, హుక్కా విషయంలోనూ అవి సిగరెట్టుకన్నా మేలన్న నమ్మకానికి ఆధారం లేదు. హుక్కాలోని నీరు పొగను చల్లబరుస్తుంది, శుద్ధి చెయ్యదు.

ఇంత తెలిసీ ఎందుకు మానరని పొగతాగేవారిని తప్పుపట్టడం సులువు, అది సరికాదు. పీల్చిన నికోటిన్ 10 నుంచి 20 సెకన్లలో మెదడుకు చేరుతుంది. సూదిమందు కూడా అంత వేగంగా చేరదు. అక్కడ డోపమిన్ విడుదలై హాయి కలుగుతుంది. రెండు గంటల్లో రక్తంలోని నికోటిన్ సగానికి పడిపోతుంది, చిరాకు మొదలవుతుంది. తర్వాతి సిగరెట్టు ఆ చిరాకును తీరుస్తుంది. ఒత్తిడి తగ్గడానికి కాలుస్తున్నామని చాలామంది చెప్పేది దీని గురించే. వాళ్లు తీర్చుకుంటున్నది చాలావరకు ముందటి సిగరెట్టు మిగిల్చిన ఒత్తిడిని. ఇది శరీరం చిక్కుకున్న వ్యసనం, వ్యక్తిత్వ లోపం కాదు. 1994 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ ముందు ఏడు పెద్ద పొగాకు కంపెనీల అధిపతులు ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనం కలిగించదని తాము నమ్ముతున్నట్టు చెప్పారు. వారి కంపెనీల అంతర్గత పత్రాల్లో అందుకు విరుద్ధమైన మాటలు దశాబ్దాల ముందు నుంచే ఉన్నాయి.

మానడం వల్ల ఎంత లాభమో రిచర్డ్ డాల్ జీవితకాల పరిశోధన చెబుతుంది. 1951లో బ్రిటన్ వైద్యుల ధూమపాన అలవాట్లను నమోదు చేసి మొదలుపెట్టిన ఆ అధ్యయనం 50 ఏళ్లు నడిచింది. 2004లో తుది ఫలితాలు వచ్చాయి. జీవితాంతం సిగరెట్లు కాల్చినవారు సగటున 10 ఏళ్ల ఆయుష్షు పోగొట్టుకున్నారు. 60 ఏళ్ల వయసులో మానినవారు అందులో 3 ఏళ్లు, 50లో మానినవారు 6, 40లో మానినవారు 9 ఏళ్లు తిరిగి దక్కించుకున్నారు. 30లో మానినవారు దాదాపు మొత్తం దక్కించుకున్నారు. అంతకుముందు చేసిన, 1950లో వెలువడిన పరిశోధన ఫలితాలు చూశాక డాల్ తాను కూడా సిగరెట్లు మానేశారు, 92 ఏళ్లు జీవించారు. మానిన 12 గంటల్లో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది. ఏడాదిలో గుండె జబ్బు అదనపు ముప్పు సగానికి తగ్గుతుంది. పదేళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించే ముప్పు, కాలుస్తూనే ఉన్నవారితో పోలిస్తే దాదాపు సగమవుతుంది. గుండెపోటు వచ్చాక మానినా, క్యాన్సర్ బయటపడ్డాక మానినా లాభం ఉంది. ఆలస్యమైందన్న కారణంతో కాలుస్తూ పోవడం వల్ల కలిసొచ్చేది ఏమీ లేదు.

ఏ సాయమూ లేకుండా కేవలం పట్టుదలతో మానడానికి చేసే ఒక్కో ప్రయత్నంలో ఏడాది దాకా నిలిచేవారు నూటికి ముగ్గురి నుంచి ఐదుగురు మాత్రమే. అందుకే మందుల సాయం తీసుకోవడానికి సంకోచించకూడదు. నికోటిన్ ప్యాచ్, చూయింగ్ గమ్ విజయావకాశాన్ని 50 నుంచి 60 శాతం పెంచుతాయి. నిలకడగా నికోటిన్ అందించే ప్యాచ్‌తో పాటు, కోరిక ఒక్కసారిగా రేగినప్పుడు వాడే గమ్‌ను కలిపితే ఒక్కదానికన్నా మేలు. వరెనిక్లిన్ అనే మాత్ర అవకాశాన్ని రెట్టింపుకు పైగా పెంచుతుంది. బ్యుప్రోపియాన్ మరో మార్గం. వీటిలో ఎవరికి ఏది సరిపడుతుందో, ఎంతకాలం వాడాలో వైద్యుడే చెప్పాలి. కోరికలు, చిరాకు, నిద్రలేమి మొదటి వారంలో అన్నిటికన్నా తీవ్రంగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. ఆ నెల రోజులు ఇంట్లో, కారులో ఎవరూ కాల్చకూడదన్న నియమం పెట్టుకుంటే మానేవారికి ఎదురయ్యే ప్రలోభం తగ్గుతుంది, ఇంట్లోవారి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే పొగ మొదటి రోజు నుంచే ఆగుతుంది. మధ్యలో ఒకసారి జారి కాల్చినవారు మళ్లీ తేదీ పెట్టుకుని మొదలుపెట్టాలి. చివరికి మానగలిగినవారిలో చాలామంది అనేక ప్రయత్నాల తర్వాతే మానగలిగారు.